తలలో మిగిలిన చీమ

సుభాషిణి తయారుచేసిన రోబో చీమలు కూతురు హారిక జుట్టులోకి దండుగా దూరి, చిటికెలో పేలన్నీ ఏరేసి, డబ్బాలోకి తిరిగొచ్చేశాయి. కాకినాడలో ఇప్పుడు ఇంటింటా ఇవే. "ఇంక నాతో పనేముందిలే," అంటూ అమ్మమ్మ రాజేశ్వరమ్మ పేల దువ్వెనను అలమరలో పడేసింది. దాంతో, పేలు చూస్తూ రోజూ మధ్యాహ్నం ఆవిడ చెప్పే వీధి కబుర్లూ ఆగిపోయాయి.

వారం తిరక్కుండానే హారిక తల గోక్కుంటూ వచ్చి ఆవిడ ముందు కూలబడింది.

"అమ్మమ్మా, ఒక చీమ లోపలే ఉండిపోయినట్టుంది. చూడవా?"

రాజేశ్వరమ్మ పాయ తీసి చూసింది. "ఒకటేంటే, కాపురమే పెట్టేశాయి! ఇది ఇవాళ్టితో తేలే పని కాదు. అన్నట్టు, ఎదురింటావిడ ఏం చేసిందో తెలుసా?"

సుభాషిణి డబ్బా తెరిచి చూసింది. చీమలన్నీ అందులోనే ఉన్నాయి. చప్పుడు కాకుండా మూత పెట్టేసి, ముడి విప్పుకుని, కూతురి పక్కన చేరింది.

"నా తలలోనూ ఏదో పాకుతోందమ్మా. ఇంతకీ ఏం చేసిందావిడ?"