పెదవులు కనిపించే మాస్కు

పెళ్లిచొక్కా వచ్చిన పెట్టెకి అద్దంలాంటి ప్లాస్టిక్ మూత ఉంది. కొత్తకోడలు దాన్ని కత్తెరతో కోసేస్తుంటే అత్తగారి ప్రాణం ఉసూరుమంది.

“ఆ పెట్టె దాచుకుందామనుకున్నానే.”

“చొక్కా దాచుకుందాం అత్తయ్యా. పెట్టెతో నాకు పనుంది.”

కోసిన ముక్కను గుడ్డ మాస్కు మధ్యలో, నోటికి సరిపడా కుట్టింది. ఆవిరి పట్టకుండా లోపల కాస్త సబ్బు రుద్దింది. అది పెట్టుకుని, వాకిట్లో చెక్క చిత్రిక పడుతున్న భర్త భుజం తట్టి, గొంతు పైకి రానివ్వకుండా పెదవులతోనే ఏదో అంది. అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు.

“ఏమందిరా?” కొడుకు ఎదురుగా వచ్చి అడిగింది అత్తగారు. అతను చూడనట్టే మళ్లీ చిత్రిక అందుకున్నాడు.

మాటలు వచ్చాక, చిన్నతనంలోనే జ్వరమొచ్చి అతని వినికిడి పోయింది. వినపడని పిల్లాణ్ని ఏ బడీ చేర్చుకోలేదు కనక చదువూ లేదు. ఎదుటివాళ్ల పెదవులే అతని చెవులు. కొత్త పెళ్లికొడుకు చూపు పెళ్లాం మూతి మీంచి కదలడం లేదని పక్కింటి పిన్నిగారు మేలమాడితే, అది వినడమేనని చెప్పకుండా కోడలు మురిసిపోయి ఊరుకుంది.

అంతలో మహమ్మారి వచ్చి ఊరందరి నోళ్లూ మూసేసింది. అతనికి చక్కెర జబ్బు. ప్రభుత్వాసుపత్రి కిటికీలో ఇన్సులిన్ ఇచ్చే నర్సు, రాత్రి మోతాదు తగ్గించమని మాస్కు వెనకనుంచి చెప్పింది. ఎప్పటి మాటే అనుకుని అతను తలూపాడు. పాత మోతాదే వేసుకుంటూ పోయి, ఒకరోజు రంపప్పొట్టులో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. మనిషి దక్కడమే గొప్పన్నారు.

తోడు వెళదామంటే కాపలావాడు రోగిని తప్ప ఎవరినీ గేటు దాటనివ్వడు. చీటీ రాసిమ్మంటే, కాగితాలు చేతులు మారకూడదట. మందు డబ్బా మాత్రం మారవచ్చట.

అందుకే ఈ మాస్కు. కాపలావాణ్ని బతిమాలి దాన్ని లోపలికి పంపించింది. నర్సు అటూ ఇటూ చూసి పెట్టుకుంది.

అతను వెలిగిపోతూ తిరిగొచ్చాడు. “పొద్దున పాత లెక్కే. రాత్రి సగం. తినే ముందు,” అని తడబడకుండా అప్పజెప్పి, “ఆవిడ నవ్వితే సొట్ట పడుతుంది,” అన్నాడు.

“ఓహో, అంతదాకా విన్నారన్నమాట,” అని భార్య గిల్లింది.

సంగతి సూపరింటెండెంటు దాకా వెళ్లింది. ఆయన ఆమెను పిలిపించి, మాస్కును తిప్పి తిప్పి చూశాడు. కంటతడి కూడా పెట్టాడు. అచ్చం ఇలాంటివే కుట్టించి ప్రతి కిటికీకీ ఇప్పిస్తానన్నాడు. ఇకమీద వినపడనివాళ్లెవరూ తన ఆసుపత్రిలో ఇబ్బంది పడకూడదన్నాడు. ఆమె కుట్టిన మాస్కును నమూనాగా గుమ్మం పక్కన గాజు బీరువాలో పెట్టి తాళం వేయించాడు. ఇంట్లో కుట్టినవి ఇక వాడొద్దని, ఆసుపత్రి ఇచ్చినవే పెట్టుకోవాలని నర్సులకు చెప్పాడు. ఆ రాత్రంతా ఆమెకు సంతోషంతో నిద్ర పట్టలేదు. పక్కింటి పిన్నిగారికి ఆ కథ మళ్లీ మళ్లీ చెప్పింది.

మరుసటి నెల మోతాదు మళ్లీ మారుతుందన్నారు. ఈసారి ఆమెకు బెంగ లేదు. గేటు బయట నిలబడి, పక్కన నిలబడ్డవాళ్లకు సూపరింటెండెంటు మంచితనం గురించి చెబుతూ ఉంది.

అతను మందు డబ్బా పట్టుకుని తల వంచుకుని వచ్చాడు.

“ఎంత వేసుకోమన్నారు?” తన మాస్కు కిందికి లాగి అడిగింది.

తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“ఆవిడ ఆ మాస్కు పెట్టుకోలేదా?”

“కొత్తది పెట్టుకుంది.”

“మాట్లాడలేదా మరి?”

“మాట్లాడింది. బుగ్గలు కదిలాయి.”

ఆమె కాపలావాణ్ని తోసుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తింది. నర్సు మొహం మీద కొత్త మాస్కు తళతళలాడుతోంది. అదే కొలత, అదే ఆకారం, కుట్టు తనదానికన్నా పొందికగా ఉంది. మధ్యలో ప్లాస్టిక్ ముక్క కూడా ఉంది.

దాని నిండా ఆసుపత్రి గుర్తు అచ్చేసి ఉంది.