మూడో అభియోగం

లోకంలో అందరి భార్యలూ భర్త మాట నమ్ముతారట. తన భార్య మాత్రం, వాన పడుతోందని తను చెప్తే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటుంది. మదుపు సలహాదారుగారి చిరకాల ఫిర్యాదు ఇది. పొదుపు సొమ్ము ఎక్కడ పెట్టాలో అడగడానికి జనం ఆయన ముందుగదిలో వరస కడతారు. ఆవిడ మాత్రం ఆయన తెచ్చిన టమాటాలు కూడా ఒక్కొక్కటీ నొక్కి చూస్తే గానీ బుట్టలో వెయ్యదు.

ఇవాళ మరీ దారుణం. నియంత్రణ సంస్థ పంపిన సంజాయిషీ నోటీసుకి ఆయన జవాబు రాస్తుంటే, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"మొదటి అభియోగం. ఫీజు రసీదులు ఆలస్యంగా ఇచ్చారు," చదివారాయన. "ఖండిస్తున్నాను."

"ఆలస్యంగానే ఇచ్చారుగా! ప్రింటరు పనిచెయ్యట్లేదని వారం పాటు దాని నెత్తిన మొట్టికాయలు వేస్తూ కూర్చున్నారు."

ఆయన పళ్ళు నూరుకుంటూ 'ఒప్పుకుంటున్నాను' అని రాశారు.

"రెండోది. నష్టభయం గురించి ముందుగా చెప్పలేదు. పచ్చి అబద్ధం!"

"అది అబద్ధమేలెండి. మీరు చెప్పడం మొదలుపెడితే వినేవాళ్ళకి నిద్రొస్తుంది గానీ, చెప్పకుండా మాత్రం వదలరు."

మూడోదానికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ పెట్టిన ఫిర్యాదు అది. మార్కెట్టు పడి, ఆవిడ పెట్టిన సొమ్ములో కొంత కరిగిపోయింది.

"'మీరు గానీ, మీ తరఫున ఎవరైనా గానీ, నష్టం రానే రాదని ఆవిడకి హామీ ఇచ్చారు.' ఇదేనే అసలు ఉరితాడు. మేం హామీలు ఇవ్వకూడదు."

"లైసెన్సు పోతుందా?"

"ఒప్పుకుని సంజాయిషీ చెప్పుకుంటే మందలించి వదిలేస్తారట. కాదని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టి, తర్వాత దొరికిపోతే మాత్రం లైసెన్సుకి నీళ్ళొదులుకోవడమే అన్నాడు లాయరు. కానీ చెయ్యని పని ఎందుకు ఒప్పుకోవాలి? ఖండిస్తున్నాను!"

"'నాకు తెలియదు' అని రాయండి."

"ఏమిటీ?"

"అలా కూడా రాయొచ్చుగా. ఎవరేమన్నారో మీకేం తెలుసు?"

"నా తరఫున అనడానికి ఇక్కడెవరున్నారే? రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. ఫ్యాను ఇచ్చిందా హామీ?" ఆయన పెన్ను బల్లమీద పడేశారు. "ఇన్నేళ్ళు కాపురం చేసి, నా మీద నీకింతేనా నమ్మకం?"

ఆవిడ ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో అడిగినదానికి జవాబు రాకపోవడం మహా అరుదు. ఆయన మనసు చివుక్కుమంది. కసిగా, పెద్ద అక్షరాలతో 'ఖండిస్తున్నాను' అని రాసేశారు.

విచారణ రోజు ఆయన చెప్పులు వేసుకునేసరికి ఆవిడ గుమ్మంలో తయారుగా నిలబడి ఉంది.

"నువ్వెక్కడికి?"

"అక్కడ మీకు కోపమొస్తే గిల్లడానికో మనిషి ఉండొద్దూ?"

విచారణ గదిలో పొడుగాటి బల్ల, గురక పెడుతున్న ఏసీ. బల్లకి అవతల చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని టీచరమ్మ. విచారణాధికారిణి కాగితాలు తిరగేసి, కళ్ళజోడు పైనుంచి సలహాదారుగారిని చూసింది.

"మొదటిది ఒప్పుకున్నారు, సంతోషం. మూడోది ఖండించారు. ఈ ప్రమాణపత్రం మీద సంతకం పెట్టేముందు మళ్ళీ అడుగుతున్నాను. మీరు గానీ, మీ తరఫున ఎవరైనా గానీ, హామీ ఇవ్వలేదంటారు?"

"ఇవ్వలేదు మేడమ్."

టీచరమ్మ ఏదో అనబోయి, ఆయన పక్క కుర్చీ వైపు చూసి, ఎందుకో ఊరుకుంది.

ఆయన పెన్ను మూత తీశారు. మోచేతి మీద గట్టిగా గిల్లుడు పడింది.

"నాకిప్పుడు కోపం రాలేదే!" అన్నారు గొంతు తగ్గించి.

"సంతకం పెట్టకండి." ఆవిడ లేచి నిలబడింది.

"మీరెవరమ్మా?" అంది అధికారిణి.

"ఈయన భార్యనండీ. వచ్చినవాళ్ళకి కాఫీ ఇస్తుంటాను."

సలహాదారుగారు తల పట్టుకున్నారు. ఇంట్లో చేసే విచారణ చాలక, ఇక్కడ కూడా నలుగురి ముందూ తన తప్పుల చిట్టా విప్పుతుందన్నమాట!

"ఆ రోజు ఫోనొస్తే ఈయన వరండాలోకి వెళ్ళారు," అంది ఆవిడ. "టీచరమ్మగారు కప్పు పట్టుకుని ఒకటే వణుకు, డబ్బు ఏమైపోతుందోనని. చూసి ఊరుకోలేకపోయాను. హామీ ఇచ్చింది నేనండీ."

టీచరమ్మ తలూపింది. సలహాదారుగారి చేతిలో పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

"ఏ ఆధారంతో ఇచ్చారమ్మా? లెక్కలేమైనా చూశారా?"

"లెక్కలు నాకెక్కడ తెలుసండీ?" ఆవిడ భర్త వైపు చూడకుండా, బల్ల అంచు గోటితో గీకుతూ అంది. "'నా బతుకంతా తెచ్చి ఈయన చేతిలోనే పెట్టాను, ఇంతవరకూ నష్టమన్నది ఎరగను, మీ డబ్బుకేం భయం' అనేశాను... తప్పు నాదేనండీ."