పదికి నాలుగు

"గీ లిస్టుల ఉన్నోళ్లు నిజంగ ఉన్నరా బిడ్డా?"

స్పైరల్ బైండింగ్ మిషన్ మీద చెయ్యి ఆపి అడిగాడు నర్సింహులు.

అమీర్‌పేటలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ల సందులో చిన్న జిరాక్స్ షాపు అది. అతని చేతిలో ఉన్నది మంజూష ఎంసీఏ ప్రాజెక్టు, బ్లడ్ బ్యాంక్ సాఫ్ట్‌వేర్. తెరిచి ఉన్నది రక్తదాతల పట్టిక.

మొదటి వరుసలో మంజూష తననే రాసుకుంది. పేరు ఇంట్లో పిలిచేది, హైమ. గ్రూపు తనదే, ఓ నెగెటివ్. ఫోన్ నంబరు మాత్రం నోటికొచ్చింది వేసేసింది. ఆడపిల్ల నంబరు ఊరందరికీ ఎవరిస్తారండీ! మిగతా వరుసలన్నీ పూర్తిగా కల్పితాలే.

ముక్కూమొహం తెలియని మనిషి ఆరాలు తీస్తుంటే ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"అన్నీ ఉత్తుత్తి పేర్లే. మీరు బైండింగ్ చూడండి చాలు."

అతను తల దించి మళ్లీ మిషన్ నొక్కాడు.

అది రెండు వేల ఏడు. యూనివర్సిటీలో ఆ ఏడాదే కొత్త పద్ధతి పెట్టారు. రిపోర్టు వెబ్‌సైట్‌లో పెడితే ముగ్గురు క్లాస్‌మేట్లకు వెళుతుంది. వాళ్లు చదివి, లోపాలు రాసి, పదికి మార్కులు వేయాలి. ఎవరు వేశారో పేరు కనబడదు.

ఏ ఒక్కరు ఐదుకు తక్కువ వేసినా రిపోర్టు సరిచేసి మళ్లీ పెట్టాలి. లేదంటే వైవాకు రానివ్వరు. వైవా పోతే మంజూష చేతికొచ్చిన కంపెనీ ఉద్యోగం గోవిందా.

పిల్లలేమైనా తక్కువవాళ్లా! అందరూ అందరికీ పదే వేద్దామని క్యాంటీన్‌లో ముందే ఒట్టేసుకున్నారు.

మంజూషకు మొదటి ఇద్దరు పదేసి వేశారు. 'సూపర్' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

మూడో మనిషి నాలుగు వేశాడు. పేజీన్నర రాశాడు.

"నిన్న రక్తం ఇచ్చినవాణ్ని ఈ సాఫ్ట్‌వేర్ ఇవాళ మళ్లీ పిలుస్తుందా? మూడు నెలలు ఆగొద్దా? దాత ఫోన్ ఎత్తకపోతే తర్వాత ఎవరికి చేయాలి? ఉన్న ఒక్క ప్యాకెట్‌కు ఇద్దరొస్తే ఎవరికిస్తారు?"

చివర్లో ఇంకో మాట.

"పట్టికలోని నంబర్లన్నిటికీ ఫోన్ చేశాను. ఒక్కటీ కలవలేదు."

మంజూషకు ముందు ఒళ్లు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ పైన బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. ప్రాజెక్టులో నమూనా నంబర్లకు ఫోన్ చేసే మహానుభావుడు ఎవడబ్బా?

వారం రోజులు క్లాసులో ఒక్కొక్క మొహమే చూసింది. ఎవరిలోనూ ఆ లక్షణాలు కనిపించలేదు. తిట్టుకుంటూనే ప్రతి ప్రశ్నకూ జవాబు వెతికి, సాఫ్ట్‌వేర్ సగం తిరగరాసి, రిపోర్టు మళ్లీ పెట్టింది.

వైవాలో బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు అవే ప్రశ్నలు వేశాడు. మంజూష గడగడా చెప్పేసింది.

"ఇవన్నీ నీకెలా తట్టాయమ్మా? ఆసుపత్రిలో పనిచేశావా?"

ఉద్యోగం నిలబడింది. ఇక ఆగలేక ప్రాజెక్టు సారు వెంటపడింది.

"పేరు చెప్పకూడదమ్మా."

"థ్యాంక్స్ చెప్పడానికే సార్, ప్లీజ్!"

సారు కంప్యూటర్‌లో చూసి గొణిగాడు. "తారక్."

తారక్ పంజాగుట్టలో ఇరానీ హోటల్లో దొరికాడు. విషయం వినగానే అతనికి చాయ్ కొరబోయింది.

"నేనా? నీ ప్రాజెక్టు దేనిమీదో కూడా నాకు తెలీదు!"

"మరి రాసిందెవరు?"

"జిరాక్స్ షాపు నర్సింహులన్న. పాస్‌వర్డ్ ఇచ్చి, పది కొట్టెయ్ అన్నా అని చెప్పొచ్చా. ప్రింట్లు తీసుకుంటే రివ్యూ ఫ్రీ! క్లాసులో సగంమందివి ఆయనే చేస్తాడు. నాలుగు వేశాడా? సారీ మంజూ!"

మంజూష స్వీట్ల డబ్బా కొని అమీర్‌పేట బస్సెక్కింది. దారి పొడుగునా ఆ రోజు తనన్న మాటే చెవిలో మోగుతోంది. సిగ్గేసింది.

షాపులో బైండింగ్ మిషన్ దగ్గర ఓనరు లీలాకుమారి ఒక్కతే ఉంది.

"నర్సింహులా? మానేసి వారమైందమ్మా. యూసుఫ్‌గూడలో గది ఖాళీ చేసి, పెళ్లాంబిడ్డల్ని తీసుకుని వెళ్లిపోయాడు. ఏ ఊరో చెప్పలేదు."

"ఫోన్ నంబరుందా అండీ?"

ఇచ్చింది. మంజూష అక్కడే నిలబడి చేసింది.

'మీరు డయల్ చేసిన నంబరు మనుగడలో లేదు.'

"నా ప్రాజెక్టు లిస్టులోవి ఉత్తుత్తివని ఆయనకు నేను చెప్పానుగా! ఆయన అన్నిటికీ ఎందుకు ఫోన్ చేశాడండీ?"

లీలాకుమారి మిషన్ మీంచి చెయ్యి తీసింది.

"నేనూ చెప్పానమ్మా, వింటేనా! వాళ్ల పాపకు నెలనెలా రక్తం ఎక్కించాలి. గ్రూపేమో ఓ నెగెటివ్, ఈ ఊళ్లో తిరగని చోటు లేదు. మీ లిస్టులో హైమ అని ఒకమ్మాయి ఉందట, ఆ పిల్లదీ అదే గ్రూపట, ఆ ఒక్క పేరైనా నిజం కాకపోతుందా అని ఊరు విడిచేరోజు దాకా ఆ లిస్టు కాగితం జేబులో పెట్టుకునే తిరిగాడు."