నేలమాళిగ గోడల ధర

మిలీషియా వాళ్లు ఖాళీ చేసి వెళ్లిన ఇంటిని అద్దెకివ్వాలని అబూ నిజార్ రంగులవాళ్లను పిలిపించాడు. అలెప్పోలో అందరూ చదరపు మీటరుకు ముప్పై వేల లీరాలు అడిగారు. ఫయ్యాద్ పన్నెండు వేలన్నాడు.

"రంగుకే చాలవు కదయ్యా, నీకేం మిగులుతుంది?"

"చేతిలో పని లేదు హాజీ. నేలమాళిగతో మొదలుపెడతా. మూడు రోజులు అటువైపు ఎవరూ రావద్దు."

"నీ ఇష్టం. గోడల నిండా పిచ్చిగీతలున్నాయి, పుట్టీ గట్టిగా పట్టించు."

ఫయ్యాద్ రెండు రోజులు డబ్బా మూత తియ్యలేదు. మిలీషియా చెరలో అక్కడ బందీలుగా ఉన్నవాళ్లు గోళ్లతో గీసుకున్న పేర్లన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. మూడో రోజు తలుపు వెనక తమ్ముడి పేరు కనిపించింది. దాని కింద వేరెవరో ఒక తేదీ వేసి, పోయినవాళ్ల కోసం చేసే దువా రాశారు.

ఫయ్యాద్ ఆ తేదీ కూడా రాసుకుని, పుట్టీ కలపడానికి కూర్చున్నాడు.