నడుముకు కట్టిన తాడు

"ఏవండీ, మళ్ళీ గుంజుతున్నారే? ఇప్పుడేం తప్పు చేశానని?" చుక్కాని పట్టుకున్న భార్య కింది గదిలోకి కేక వేసింది.

తెరచాప పడవలో ఆలుమగలిద్దరే సముద్రం దాటడం అదే మొదలు. ఆవిడ పడవ నడిపే వంతు రాగానే ఆయన ఆవిడ నడుముకు తాడు కట్టి, రెండో కొసతో కిందికి వెళ్ళి పడుకుంటాడు. ఇంట్లోనైతే ఈపాటికి ఆవిడ కోపంతో పక్కగదిలోకి పోయి ధడాలున తలుపేసుకునేది. ఇక్కడ ఎటు తిరిగినా నీళ్ళే.

"దూడను కట్టేసినట్టు కట్టేశారు. పారిపోవడానికి దారెక్కడ ఏడిచింది?"

తాడు మళ్ళీ గుంజింది. చుక్కానిని బిగించి విసవిసా మెట్లు దిగింది.

ఆయన కళ్ళు తెరిచే పడుకుని ఉన్నాడు. తాడు కొస ఆయన చీలమండకు కట్టి ఉంది. చుట్టూ చర్మం కమిలిపోయింది.

"గుంజింది నేను కాదే. పడవ ఒరిగినప్పుడల్లా కాలు జారుతోంది."

"కాలికెందుకు కట్టుకున్నారు?"

"నువ్వు నీళ్ళలో పడితే నాకు తెలియొద్దూ? లేచేసరికి నువ్వు లేకపోతే, ఇంత నీళ్ళలో ఒక్కణ్ణీ ఏమైపోను?"

ఆవిడ పైకి వెళ్ళి మళ్ళీ చుక్కాని పట్టుకుంది.

ఆయన వంతు రాగానే ఆవిడ తన నడుము తాడు విప్పి ఆయన నడుముకు కట్టింది. రెండో కొస తన కాలికి బిగించుకుని పడుకుంది.

"అలా కట్టుకుంటే నిద్ర పట్టదే, పిచ్చిదానా."

"మీకు పట్టిందా?"