డెబ్బై రెండు మిల్లీమీటర్లు

"మబ్బు తునక లేదు. మీరేమో కాలనీ ఖాళీ చేయించమంటారు!" పెద్ద సారు కిటికీ తెర పక్కకు లాగి మరీ చూపించాడు. ఎండ వచ్చి బల్ల మీద పడింది.

వాతావరణ కేంద్రం నుంచి వచ్చినావిడ కూర్చోలేదు. చేతిలోని కాగితం ఆయన ముందుకు జరిపింది.

"మబ్బు కాదు సార్, ఆవిరి. శాటిలైట్ సిగ్నల్ మా డాబా మీది యాంటెన్నాకి చేరేలోపు గాలిలో తేమ అడ్డొస్తే కాస్త ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టి పైన నీరెంతుందో లెక్క కడతాం. మామూలుగా యాభై మిల్లీమీటర్లు. ఇవాళ తెల్లారేసరికి డెబ్బై రెండు. ఆరింటికే మీకు ఫోన్ చేసి చెప్పాను కదా."

"ఆలస్యంగా వచ్చినందుకు శాటిలైట్‌ని నిలదీయాలి గానీ, నా మీద పడితే ఎలాగమ్మా?" తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

"కురిస్తే కుండపోతే సార్. కొండ మీది నీరంతా గంటలో ఏట్లోకి దిగుతుంది. ఏటిగట్టు కాలనీలో రెండొందల ఇళ్ళున్నాయి."

"కురవకపోతే?"

"నన్ను తిడతారు."

"నన్ను తిడతారు. సంతకం నాది." ఆయన ఫైలు మూసేశాడు.

ఆవిడ ఆఫీసు మెట్లు దిగి రోడ్డెక్కింది. ఆ దారినే పోతున్న సారు కారు డ్రైవరు జాలిపడి ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా ఆ మాటా ఈ మాటా చెప్పి, కాలనీ మొదట్లో దింపాడు.

ఆవిడ గడపగడపా తిరిగింది. ఆవిరి అంది, యాంటెన్నా అంది, గొంతు పోయేలా చెప్పింది.

"ఎండలో గొడుగులు అమ్మడానికొచ్చినట్టుంది," అన్నాడు సైకిల్ షాపతను. అందరూ ఘొల్లుమన్నారు. ఒక్కరూ కదల్లేదు.

వీధి చివర ఓ ముసలావిడ కుట్టుమిషను తొక్కుతోంది. ఆవిడకొక మాట తెలిస్తే మూడు వీధులకు తెలిసినట్టే. అందుకే అందరూ మైకు మామ్మ అంటారు. వాతావరణం ఆవిడ వంగి మామ్మ చెవిలో ఏదో చెప్పింది.

మిషను టక్కున ఆగింది. మామ్మ కొంగు బిగించి లేచింది.

పన్నెండయ్యేసరికి పిల్లాజెల్లా, మూటాముల్లెతో కాలనీ మొత్తం గుట్ట మీది బడికి చేరింది. మూడింటికి ఆకాశం నల్లబడింది. అయిదింటికి ఏరు గట్టు తెంచుకుంది. గోడలు కూలాయి, మామ్మ కుట్టుమిషను కొట్టుకుపోయింది. మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు.

మర్నాడు పెద్ద సారు బడికి వచ్చాడు. వరండాలో జనం మధ్య ఆవిడ కనిపించింది.

"నా ఆర్డరు లేకుండా ఇంతమందిని ఎలా కదిలించారమ్మా? ఆ శాటిలైట్ గొడవ వీళ్ళకేం అర్థమైందని?"

"శాటిలైట్ మాట ఎవరూ వినలేదు సార్," అంది ఆవిడ. "ఏటి పక్క మీ క్వార్టర్సుకి తాళమేసి, ఏడింటికే మీ ఇంట్లోవాళ్ళు సామాన్లతో సహా గుట్టెక్కేశారని చెప్పాను, అంతే."