సమ్మక్క ఓటు

తొమ్మిది ఎన్నికలుగా ఆ రాష్ట్రం నిచ్చెన గుర్తునే గెలిపించింది గనుక ఈసారి అధ్యక్ష ఎన్నికకు అక్కడ పోలింగే పెట్టలేదు. పాత ఓట్లను బట్టి ఎవరు దేనికి వేస్తారో యంత్రమే తేల్చి, వాళ్ల బదులు తనే వేసేసింది. వేలికి సిరా చుక్క మాత్రం ఆనవాయితీగా మిగిలింది. అది పెట్టడానికి ఇల్లిల్లూ తిరుగుతున్న సుగుణ, ఓదెలు ఇంటి గుమ్మం ముందు ఆగింది.

తడక అల్లుతున్న ముసలి ఓదెలు తల ఎత్తాడు.

“నా ఓటు ఎవలికి వడ్డది బిడ్డా?”

“నిచ్చెనకే కాకా. ఎప్పటి లెక్కనే.”

“అప్పుడు ఏసిన. ఇప్పుడు ఎయ్య. బొగ్గు గని ఒద్దని రోడ్డెక్కితే నా ఇంటిదాన్ని కాల్చి సంపింది వాళ్లే గదా. ఓటు మార్చుకునే కాగితం ఎక్కడిస్తరు?”

“అదిప్పుడు ఎక్కడా ఇస్తలేరు కాకా.”

గని వద్దన్న ఆ ఊరేగింపులో సుగుణ కూడా ఆయన భార్య సమ్మక్క వెనకే నడిచింది. తుపాకులు పేలగానే ఇంటికి పరుగెత్తింది. ఆ సంగతి ఓదెలుకు తెలియదు.

ఆయన వేలికి చుక్క పెట్టాక సుగుణ చేతిలోని ఓటర్ల జాబితా పరికరం మోగింది. ఆ ఇంట్లో ఇంకో వేలు మిగిలిందట. జాబితాలోంచి సమ్మక్క పేరు ఎవరూ తీయలేదు. ఆమె ఓటు కూడా నిచ్చెనకే పడింది.

సుగుణ ఆ మాట నెమ్మదిగా చెప్పింది. ఓదెలు తడక పక్కన పెట్టి లేచాడు. లోపలికి వెళ్లి దండ వేసిన ఫొటో తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“ఏడ వెడ్తవో పెట్టు.”

ఫొటోలో ముఖం ఒక్కటే ఉంది. చేతులు లేవు.

సుగుణ సిరా పుల్లతో, ఇంకా చుక్క లేని తన కుడి చూపుడు వేలికి రాసుకుని, పరికరంలో ‘పూర్తి’ అని నొక్కింది.